పొదకప్పల కొండ మీద ఎనిమిదో కూత

అనగనగా ఒక రాజు. పేరు కీర్తిధరుడు. ఆయన రాణి శశిప్రభ పాట అందుకుంటే ఏనుగులు కూడా మేత మానేసి, చెవులాడించకుండా వినేవి. వాళ్లకు ముగ్గురు కొడుకులు: జయంతుడు, వీరబాహుడు, అందరికంటే చిన్నవాడు మకరందుడు.

మకరందుడి బారసాల నాడు ఏం జరిగిందనుకున్నారు? రాణి ఉయ్యాల మీదికి వంగి బిడ్డను మొదటిసారి పేరు పెట్టి పిలవబోయింది. సరిగ్గా అప్పుడే పొగలోంచి కంకాళుడనే మాంత్రికుడు ఊడిపడి, ఆమె గొంతును గుప్పిట్లో పట్టేశాడు.

"ఈ గొంతుతో నాకు పనుంది. ఏడు సముద్రాల అవతల మంచుకొండ మీద ఒక కప్పలో నా ప్రాణముంది. చేతనైతే పట్టుకోండి. తప్పు కప్ప తగిలిందో, రాళ్లైపోతారు!" అని పకపకా నవ్వి మాయమైపోయాడు.

ఆనాటినుంచి రాణికి మాట లేదు. మకరందుడు పెరిగి పెద్దవాడయ్యాడు. దాదులు పిలిచారు, గురువులు పిలిచారు, దేశమంతా అతణ్ణి పిలిచింది. అమ్మ పిలుపొక్కటే అతనికి తెలియదు. ఆ లోటు అతణ్ణి లోలోపల తినేస్తూ ఉండేది.

అన్నల్లో మొదట జయంతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. తరువాత వీరబాహుడు వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు. మూడోసారి మకరందుడు బయలుదేరాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటాడంటారా? ఒక ముసలి తాబేలు వీపు మీద. ఆ తాబేలుకు తొందరంటే గిట్టదు. అందుకే ఏడు నెలలు పట్టింది.

మంచుకొండ మీద చూస్తే, ప్రతి పొదలోనూ కప్పలే! బొటనవేలి గోరంతవి. ఆకుపచ్చవి, పసుపువి, ఇటుక రంగువి, చారలవి, చుక్కలవి. వాటి మధ్య మూడు రాళ్లు. ఆకుపచ్చ కప్ప వైపు చెయ్యి చాచి జయంతుడు, పసుపు కప్ప వైపు చెయ్యి చాచి వీరబాహుడు. మూడో రాయి ఎవరో ఒక అమ్మాయి. ఆమె చెయ్యి చాచలేదు, తల వంచి ఏదో వింటోంది.

మకరందుడు అన్నల రాతి భుజాలు తడిమి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అంతలో ఒక ఆకు మీద గాజుపూసల్లాంటి గుడ్లు కనిపించాయి. ఎండపొడ తగిలి ఆకు వాడిపోతోంది.

"అయ్యో, కప్పగుడ్లు! నీళ్లు లేక చచ్చిపోతాయి" అనుకుని, ఆకును మెల్లగా తుంచి కింది సెలయేటి వైపు నడిచాడు.

"ఎక్కడికి మోసుకుపోతున్నావు నాయనా! నా బిడ్డల్ని నీళ్లలో ముంచేస్తావా ఏం?" అని పొదలోంచి కేక వినిపించింది. చూస్తే ఒక తల్లికప్ప.

"కప్పపిల్లలు నీళ్లలోనే కదమ్మా పెరిగేది?"

"అవి చెరువు కప్పలు. మేం పొదకప్పలం. చెరువూ వద్దు, తోకతో ఈతలూ వద్దు. తోకకప్ప బతుకంతా మా పిల్లలు గుడ్డులోనే గడిపేస్తారు. కళ్లు పెట్టి చూడు."

మకరందుడు గుడ్డును కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. లోపల నాలుగు కాళ్లు! రెండు నల్లని కళ్లు! ఆవగింజంత గుండె టుకుటుకుమంటోంది. ఒక చెరువు చెయ్యాల్సిన పనంతా ఒక నీటిబొట్టు చేస్తోంది. రాజకుమారుడికి ఒళ్లు పులకరించింది. ఆకును మళ్లీ పొద నీడలో పెట్టి, ఉత్తరీయాన్ని మంచులో తడిపి పైన పందిరిలా కట్టాడు.

తల్లికప్ప మనసు కరిగింది. అతను వచ్చిన పని విని, "మావాళ్లెవరూ నీ మీదికి గెంతకుండా నేను చూసుకుంటాను. రంగు చూసి మాత్రం మోసపోకు, నీ అన్నలు చేసింది అదే. మా జాతులు వేరువేరు, వేటి కూత వాటిదే. కూసేది మగవాళ్లు. ఆ కూత విని మా వాళ్లెవరో మేం గుర్తుపట్టి వెళతాం. కూర్చుని విను" అంది.

మొదటి రోజు విన్నాడు. అంతా గోల.

రెండో రోజు విన్నాడు. గోలలోంచి చిక్కులు విడిపోయాయి. ఒకటి టిక్ టిక్, ఒకటి గులకరాళ్లు రాసుకున్నట్టు, ఒకటి చిరుగంట. ఒక్కొక్కటే విడదీస్తే ఏడు జాతులు లెక్కకొచ్చాయి. ఒకే పొదలో ఒకే రంగున్న రెండు కప్పలు చెరో కూతా కూస్తుంటే, "ఎంత గొప్ప ఏర్పాటమ్మా మీది!" అని నోరు వెళ్లబెట్టాడు.

మూడో రోజు ఉత్తరీయం కింద గుడ్లు పగిలాయి. మిరియపు గింజంత కప్పలు నాలుగు కాళ్లతో గెంతుకుంటూ వచ్చాయి. ఒకటి పచ్చన, ఒకటి గోధుమ, ఒకదానికి వీపున చార. ఒక్క తల్లి బిడ్డలే అన్నీ! ఆ సంబరంలో ఉండగా ఎనిమిదో కూత వినిపించింది. సన్నగా, జోకొట్టినట్టుంది. ఏడు కూతలకూ ఆడకప్పలు వెళుతున్నాయి. ఎనిమిదోదాని దగ్గరికి ఒక్కటీ వెళ్లడం లేదు.

"అది ఏ జాతిదమ్మా?"

"అది మాలో ఎవరిదీ కాదు నాయనా."

ఆ మాట అనీ అనకముందే కంకాళుడు దిగాడు. "ఏరా కుర్రాడా, ఏ రంగు కప్పను ఎంచుకున్నావు?"

"రంగుల జోలికి పోలేదు తాతా, వింటున్నాను."

కంకాళుడి ముఖం మాడిపోయింది. మంత్రదండం విసిరాడు. కొండ మీది కప్పలన్నీ బురద రంగుకు తిరిగాయి. కాలితో నేలను తన్నాడు. కప్పలన్నీ జడుసుకుని నోళ్లు మూశాయి. కొండంతా నిశ్శబ్దం.

అప్పుడు తల్లికప్ప మొగుడు, గోరంత ప్రాణి, గొంతు కింద బుడగ ఉబ్బించి "టిక్ టిక్" అన్నాడు. పక్క పొద బదులిచ్చింది. క్షణంలో కొండంతా హోరెత్తింది. ఆ హోరులో మకరందుడు కళ్లు మూసుకుని ఏడు కూతలూ పక్కకు పెట్టాడు. ఎనిమిదోది మిగిలింది. దాని వెంటే నడిచి, ఆ కూసే కప్పను చెయ్యి చాచి పట్టుకున్నాడు.

రాయి కాలేదు. కంకాళుడు గుప్పెడు బూడిదై రాలిపోయాడు. చేతిలో కప్పకు బదులు ఎండుటాకు మిగిలింది. అందులోంచి ఆ కూత చివరిసారిగా పలికి, సముద్రాల మీదుగా ఎగిరిపోయింది. రాతి నుంచి మళ్లీ మనిషై అప్పుడే కళ్లు తెరిచిన జయంతుడు దాన్ని గుర్తుపట్టి కేకేశాడు.

"తమ్ముడూ, అది అమ్మ గొంతురా!"

మూగ మగకప్పైతే గుట్టు బయటపడుతుందని, తన ప్రాణమున్న కప్పకు రాణి గొంతు తొడిగాడన్నమాట ఆ దొంగ! రాతి అమ్మాయి కూడా లేచింది. కొండ కింది దేశపు రాకుమారి, పేరు మేఘావతి. "నేనూ విన్నాను. ఇంతలో ఒక తుంటరి కప్ప నా పాదం మీదికి గెంతింది" అని సిగ్గుపడుతూ చెప్పింది. మకరందుడితో పెళ్లికి ఆమె తండ్రిని ఒప్పించి, ఆమెతో కలిపి నలుగురూ ఇంటికి బయలుదేరారు. తాబేలు మళ్లీ ఏడు నెలలు తీసుకుంది.

గొంతు మాత్రం ఆ రోజే రాణిని చేరింది. రాజు బతిమాలాడు, చెలికత్తెలు బతిమాలారు. ఏడు నెలలపాటు ఆమె పెదవి విప్పితే ఒట్టు. మకరందుడు కోట గుమ్మంలో అడుగుపెట్టాడు. రాణి పరుగున వచ్చి, బారసాల నాటినుంచి దాచుకున్న మాటను అతని చెవిలో చెప్పింది.

"మకరందా!"

అంత వీరుడూ చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

తరువాత మేఘావతితో పెళ్లయింది. మకరందుడు నూరేళ్లు రాజ్యమేలాడు. ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చినా ముందు కళ్లు మూసుకుని వినేవాడట. అమ్మ మాత్రం పనున్నా లేకపోయినా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి అతణ్ణి పేరు పెట్టి పిలిచేది. ఎంత కొలువులో ఉన్నా అతను "వస్తున్నానమ్మా" అని లేచి వెళ్లేవాడు.