మాటల కుండలో నీళ్ళు

ఏటికి ఇవతల ఊరు. ఏటికి అవతల కోట. రెంటికీ నడుమ ఒక పడవ, ఆ పడవకి ఒక మనిషి.

కోటకి ఏడు గుమ్మాలు. ఊళ్ళోవాళ్ళకి ఏం కావాలన్నా ఏడో గుమ్మం వెనక కూర్చునే దొర ఒక మాట అనాలి. విత్తనాల గాదె ఊరి నడిమధ్యే ఉండేది గానీ, దాని తాళం తియ్యమనే మాట మాత్రం కోటలో ఉండేది. అందుకని గాదె గోడకి ఆనుకుని కాపురముండే ఆసామి కూడా గుప్పెడు జొన్నల కోసం ఏరు దాటి, ఏడు గుమ్మాల దగ్గర ఏడు దండాలు పెట్టి, ఆ మాట పుచ్చుకుని మళ్ళీ ఏరు దాటి రావలసిందే. ఇదేం చోద్యమని ఎవరూ అడగలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నది చోద్యమెలా అవుతుంది?

పడవవాడికి మాత్రం ఈ ఏర్పాటు బాగానే ఉంది. మనిషికి ఇన్ని గింజలు పెట్టేవారు, వాడి కుండ కాగేది. చెడ్డవాడేం కాదు. ముసలాళ్ళని చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. కోటలో పని కాక ఏడుపు మొహాలతో తిరిగొచ్చేవాళ్ళకి పాటలు పాడి వినిపించేవాడు. గొంతు బాగుండేది కాదు, అది వేరే సంగతి.

ఆ దొరకీ పైన, తెల్లగొడుగు కింద కొలువుండే రాజుగారి దగ్గర ఒక బంగారు కుండ ఉండేది. అందులోకి వంగి మాట చెప్పి మూత పెడితే, ఎంత దూరానున్నా దాని జోడు కుండలోంచి ఆ మాట వినిపించేది. అలాంటివి ఊరూరా పెట్టించాలని రాజుకి మనసైంది. ఖజానా మొత్తం కరిగించినా మూడు ఊళ్ళకి చాలదన్నారు మంత్రులు. సభలో వెనకాల నుంచున్న ఒక కుమ్మరామె ఫక్కున నవ్వింది.

"మాట పలికేది బంగారం కాదు మహారాజా, లోపలి బోలు. బోలు చెయ్యడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. మట్టి ఇప్పించండి చాలు" అంది.

నెల తిరిగేసరికి ముప్పై ఊళ్ళకి ముప్పై మట్టికుండలు, కోటలో వాటి జోళ్ళు తయారయ్యాయి. కుమ్మరామె బండి మీద వాటిని పంచుకుంటూ వచ్చి, ఏటిగట్టున ఒకటి పడవవాడి చేతిలో పెట్టింది.

"అన్నా, నాకింకా బోలెడు ఊళ్ళున్నాయి. దీన్ని మీ చావడిలో పెట్టు. ఒక్క సంగతి మరవకుండా అందరికీ చెప్పు. ఈ కుండ ఖాళీగా ఉంటేనే వింటుంది."

"చెప్తాలే చెల్లీ" అన్నాడు పడవవాడు. చెప్పాలనే అనుకున్నాడు కూడా, పాపం.

చావడిలో కుండ దించాడో లేదో, ఊరిపెద్ద లోపలికి తొంగిచూసి గుండె పట్టుకున్నాడు.

"ఓరి నాయనో! ఖాళీ కుండ! ఖాళీ బిందె ఎదురొస్తేనే ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని మరీ బయల్దేరతామే, అలాంటిది ఊరి నడుమ ఖాళీ కుండ పెట్టుకుంటామా? తెండి నీళ్ళు!"

ఆడవాళ్ళు నాలుగు బిందెలు తెచ్చి నిలువునా నింపారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, మెడకి మామిడాకులు కట్టారు. కుండ పెళ్ళికూతురిలా కళకళలాడింది.

పడవవాడు చెప్పబోయి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వాడికి తట్టింది. ఇది వినడం మొదలుపెడితే ఇక తన పడవ ఎవరెక్కుతారు? తెరిచిన నోటిని ఆవులింతగా మార్చి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఊరంతా వరసకట్టి కుండకి మొరపెట్టుకుంది. కుండ గుడగుడమంది. కోటలో దాని జోడు కూడా గుడగుడమంది. ఏడో గుమ్మం దొర చెవి ఒగ్గి విని, 'ఈ ఊరివాళ్ళు కడుపునిండా నీళ్ళు తాగి సుఖంగా ఉన్నారు' అని రాజుకి రాసి పంపాడు. ఊళ్ళోవాళ్ళు నాలుగు రోజులు చూశారు. "రాజుగారి కుండ రాజుగారి కొలువులాగే ఉంది, ఏం చెప్పినా లోపలికి పోదు" అని నవ్వుకుని, సద్దిమూటలు కట్టుకుని మళ్ళీ రేవుకొచ్చారు. పడవ నిండింది. పడవవాడికి మాత్రం ఆ రోజునుంచీ అన్నం సహించలేదు. ఎందుకు సహించలేదో వాడికి తెలుసు.

తొలకరి వచ్చింది. నేల తడిసి విత్తడానికి మంచి పదునెక్కింది. ఎగువన కొండల్లో ఇంకా పెద్ద వాన కురిసిందేమో, ఏరు ఒక్కసారిగా పొంగింది. పడవని తాడేసి గుంజకి కట్టేసి పడవవాడు గట్టున కూర్చున్నాడు. అక్కడికి కర్ర పొడుచుకుంటూ ఒక అవ్వ వచ్చింది. కందిచేను అవ్వ అంటారామెని. ఉన్నది ఒక్క చెక్క చేను, తినేది దాని మీదే.

"ఒరే అబ్బాయ్, పడవ తియ్యి. విత్తనాలకి మాట తెచ్చుకోవాలి."

"ఏరు చూశావా అవ్వా? చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి. ఎనిమిది రోజులు ఆగు."

"పదును రెండ్రోజులుంటే గొప్ప. అది దాటాక కంది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. ఏడాది పొడుగునా ఏం తిననూ? నువ్వు తియ్యకపోతే ఈదుకుంటూ పోతా."

"నీకు ఈతొచ్చా?"

"రాదు. ఆ మాటంటే పదును ఆగుతుందట్రా?" అని అవ్వ నిజంగానే నీళ్ళలో కాలు పెట్టింది.

పడవవాడు ఒక్క గెంతున దూకి ఆమెని వాటేసుకుని గట్టుకి లాగాడు. ఆమె ఒంట్లో బరువే లేదు. వాడికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంకేం మాట్లాడకుండా అవ్వని వీపున ఎక్కించుకుని చావడికి పరిగెత్తాడు. మామిడాకులు పీకేసి, కుండని రెండు చేతులా ఎత్తి బోర్లించాడు. నీళ్ళు భళ్ళున వీధిలోకి పారాయి.

"అరిష్టం! అరిష్టం!" అని జనం గోలపెట్టారు. "ఊరిని ముంచుతావురా పాపీ!" అన్నాడు ఊరిపెద్ద.

"ముంచడం ఎప్పుడో అయిపోయింది పెద్దయ్యా. ఖాళీగా ఉంటేనే వింటుందని కుమ్మరామె నాకు చెప్పే పంపింది. నా పడవ ఆగిపోతుందని నేనే చెప్పలేదు. తిట్టేవాళ్ళు తర్వాత తీరిగ్గా తిట్టండి" అన్నాడు పడవవాడు, తన తుండుతో కుండ లోపలంతా తుడుస్తూ.

అవ్వ వాడి నెత్తిన ఒక్క మొట్టికాయ మొట్టింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా! ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని ఎలా బతికావు? జరుగు." కుండలోకి వంగి, చెవిటివాళ్ళతో చెప్పినట్టు అరిచింది. "అయ్యా, నేను కందిచేను అవ్వని. గాదె తాళం తియ్యమను. పదును ఆరిపోతోంది."

మూత పెట్టారు. ఊరంతా కుండ చుట్టూ మూగింది. కాసేపటికి కుండలోంచి ఒక గొంతు, నిద్రలేచిన గొంతు, తడబడుతూ పలికింది. "ఎవరు? ఎవరక్కడ? మనిషేనా?"

"మనిషినే. విత్తనాలు!"

"ఇ... ఇవ్వండి. తాళం తియ్యండి. ఇచ్చెయ్యండి."

చావడి ఈలలతో దద్దరిల్లింది. గాదె కాపలావాడు తాళంచెవి తీసుకుని ఉరికాడు. అవ్వ మాత్రం కుండని వదల్లేదు. మూత తీసి మళ్ళీ వంగింది.

"ఇంకో మాటయ్యా. నువ్విచ్చిన విత్తనం ఎలాంటి నేలలో పడుతోందో నువ్వెప్పుడైనా చూశావా? చూసుండవులే. ఓసారి వచ్చి చూసిపో. మా పడవవాడికి ఇకమీదట పనేం ఉండదు, ఖాళీగా కూర్చుంటాడు, నిన్ను దాటిస్తాడు."

అందరూ విరగబడి నవ్వారు. పడవవాడూ నవ్వాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

అవ్వ అన్నట్టే అయింది. కంది మొలిచింది, మోకాలెత్తు పెరిగింది. జనం కుండతో మాట్లాడుకుని పనులు చక్కబెట్టుకుంటున్నారు, రేవు ముఖం చూసేవాడు లేడు. పశువుల కొట్టానికి పడవ చెక్కలు ఇస్తావా అని అడిగాడొకడు. పడవవాడు తల అడ్డంగా ఊపాడు. చెయ్యి ఊరుకోక రోజూ పడవ కడిగేవాడు, నీళ్ళు కారకుండా పగుళ్ళలో జీడి పూసేవాడు. ఇంట్లో గింజలు అడుగంటాయి గానీ, తిన్న నాలుగు మెతుకులూ ఇప్పుడు హాయిగా గొంతు దిగుతున్నాయి.

ఒక పొద్దున అవతలి గట్టునుంచి కేక వినిపించింది. "ఓ పడవా!"

ఈ ఊరివాళ్ళెవరూ అవతల లేరే అనుకుంటూ వాడు పడవ తోసుకుపోయాడు. నల్లగొడుగు పట్టుకుని, పట్టుచెప్పులు తొడుక్కుని, నీళ్ళకేసి భయంగా చూస్తూ ఒక పెద్దమనిషి నుంచుని ఉన్నాడు.

"ఏడో గుమ్మం వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. వినడం మాత్రం ఈ మధ్యే మొదలుపెట్టాను. విన్నాక ఇక కూర్చోబుద్ధి కావడం లేదు" అన్నాడాయన. పడవ ఎక్కి బిక్కమొహం వేశాడు. "ఎక్కడ కూర్చోవాలి?"

"పడవలో గుమ్మాలు లేవు దొరా. ఎక్కడైనా కూర్చోండి."

ఇవతలి గట్టున దిగగానే దొర చెప్పులు బురదలో కూరుకుపోయాయి. ఎంత లాగినా రాలేదు.

"వదిలెయ్యండి. కొత్తవాళ్ళని మా నేల కాస్త పట్టుకుని చూస్తుంది" అన్నాడు పడవవాడు.

దొర ఉత్తకాళ్ళతో దారి అడుగుతూ కందిచేను వైపు నడిచాడు. పడవవాడు ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో వెనకనుంచి మళ్ళీ కేక. తిరిగి చూశాడు. అవతలి గట్టున మరో రెండు నల్లగొడుగులు, వాటి వెనకాల ఒక తెల్లగొడుగు.

ఆ రాజ్యం మొత్తానికి తెల్లగొడుగు ఒక్కటే ఉంది. అది ఎండలో నుంచుని పడవ కోసం ఎదురుచూస్తోంది.