గోడమ్మ చేతులు ఎందుకు ముడుచుకుంది

ఒకప్పుడు నెత్తురు కాలవల గోడలకు చేతులు బయటే ఉండేవి. చిన్న చిన్న చేతులు. పక్కనుంచి పోయేవాళ్ళను ఊరికే తాకి పలకరించడానికి.

నేను చెప్పేది మొట్టమొదటి గేదె ఒంట్లో సంగతి. దాని నడుము వెనకాల, చిక్కుడు గింజల్లా ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. కుడివైపు అక్క కుడమ్మ, ఎడమవైపు చెల్లెలు ఎడమ్మ. అవే మూత్రపిండాలు. నెత్తురును వడగట్టి, మురికిని నీళ్ళతో బయటికి పంపడం వాళ్ళ పని.

ఎడమ్మ ఇంటికి వచ్చే కాలవ గోడ పేరు గోడమ్మ. ఆ కాలవలో ఎర్రవాళ్ళు రోజంతా గాలి మోసుకొచ్చేవారు. మధ్యమధ్య తెల్లన్న, అతని మనుషులు వచ్చేవారు. వాళ్ళు కాపలావాళ్ళు. ముల్లు గుచ్చుకుని దొంగపురుగు లోపలికొస్తే పట్టి చంపుతారు.

కాలవలో చీకటి గదా, తెల్లన్నకు ఏమీ కనపడదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గోడమ్మ మెల్లిగా తాకితే బాగున్నావా అని. గట్టిగా పట్టుకుంటే దొంగ ఇక్కడే ఉన్నాడని. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ కావాలి.

ఒకరోజు పొద్దున్నే గేదె బురదగుంటలో పొర్లుతూ రాళ్ళ సందులో ఇరుక్కుపోయింది. ఒక రాయి దాని ఎడమ నడుమును అదిమి పట్టింది. ఎడమ్మకు వచ్చే కాలవ నొక్కుకుపోయింది. ఎర్రవాళ్ళు రాలేదు. గాలీ రాలేదు.

"గోడమ్మా, ఎవరూ రావడం లేదేమే?" అంది ఎడమ్మ.

"నాకేం తెలుసు తల్లీ. నిన్న ఇదే వేళకు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు."

"నేనేమైనా తప్పు చేశానా?"

"ఏమో. నాకూ ఊపిరాడటం లేదు."

ఊపిరాడనివాళ్ళు ఏం చేస్తారు? చేతికేదైనా అందుతుందేమోనని చూస్తారు. గోడమ్మ కూడా ఉన్న చేతులన్నీ చాచింది. అవి చాలవని కొత్తవి మొలిపించుకుంది.

మధ్యాహ్నానికి గేదె ఎలాగో విదిలించుకుని లేచింది. కాలవ తెరుచుకుంది. నెత్తురు జోరుగా వచ్చింది.

హమ్మయ్య అనుకుంది ఎడమ్మ. కథ ఇక్కడితో అయిపోవాలి గదా? అవలేదు. నాకూ మొదటిసారి ఇక్కడే అర్థం కాలేదు. మెల్లిగా వినండి.

దొర్లుకుంటూ వచ్చిన తెల్లన్నను గోడమ్మ గట్టిగా పట్టేసుకుంది. అతను ఆగిపోయాడు.

"దొంగేడీ?" అన్నాడు.

"ఏ దొంగ?"

"పిలిచింది నువ్వేగా వదినా."

"పిలవలేదయ్యా. ఊపిరాడక చెయ్యి చాచాను."

"ఊపిరాడకపోతే నన్నెందుకు పట్టుకోవడం? నేను గాలి మోస్తానా?"

"అయితే పో."

"నువ్వు వదిలితేగా పోయేది."

గోడమ్మ చూసుకుంది. చేతులు బిగుసుకుపోయాయి. వదలమన్నా వదలడం లేదు. వెనక వచ్చినవాళ్ళు కూడా వచ్చినట్టే అతుక్కుపోయారు. సన్నటి కాలవల్లో దారి మూసుకుపోయింది. "జరగండి, జరగండి" అని ఎర్రవాళ్ళు వెనకనుంచి మొత్తుకున్నారు.

తెల్లన్న మనుషులకు గోడమ్మ మాటకన్నా పట్టు మీదే నమ్మకం. ఇంత గట్టిగా పట్టుకుందంటే దొంగ ఉండే ఉంటాడు అనుకున్నారు. గోడ సందుల్లోంచి ఎడమ్మ ఇంట్లోకి దూరి, చీకట్లో తగిలిందల్లా కొట్టారు.

"నన్నెందుకు కొడతారు అన్నా?" అంది ఎడమ్మ.

"నువ్వు దొంగవి కావా?"

"నేను ఎడమ్మను."

"మరి వచ్చిందెవరు?"

"ఎవరూ రాలేదు. ఎవరూ రాకపోవడమే జరిగింది."

అది వాళ్ళకు బోధపడలేదు. ఎడమ్మ వాచి కందిపోయింది. ఆమె ఇంట్లో గొట్టాలు పూడుకుపోయాయి. బొట్టు నీరు బయటికి పోలేదు.

అవతలి వైపునుంచి కుడమ్మ కేకేసింది. "చెల్లీ, నెత్తురు రానప్పుడు బాధపడ్డావంటే సరే. వచ్చాక ఇంకా ఎక్కువైందేమిటే?"

"నాకూ తెలియడం లేదక్కా."

"పోనీలే. నీ పని కూడా నేనే చేస్తాను. నువ్వు బతికుండు, చాలు."

మూడు రోజులకు గోడమ్మ చేతులు ఒక్కొక్కటే సడలాయి. తెల్లన్న మనుషులు ఏమీ అర్థంకాని మొహాలతో వెళ్ళిపోయారు. ఎడమ్మ ఇంట్లో కూలిన గదులు కొన్ని మళ్ళీ లేచాయి, కొన్ని లేవలేదు. నాలుగో రోజు చుక్క చుక్కగా నీరు కదిలింది. ఎడమ్మ బతికింది.

తెల్లన్న వెళ్ళబోతూ ఆగాడు. "వదినా, ఊపిరాడకపోతే వేరే గుర్తేదైనా పెట్టుకుందామా?"

గోడమ్మ తన చేతులవంక చూసుకుంది. "పెట్టుకుందాం. కానీ ఊపిరాడనప్పుడు అది గుర్తుంటుందా?"

"అదీ నిజమే," అన్నాడు తెల్లన్న.

"అయితే చేతులే లోపల పెట్టుకుంటానులే. దొంగ పడితేనే బయటికి తీస్తాను," అని గోడమ్మ చేతులు ముడుచుకుంది.

అప్పటినుంచే నెత్తురు కాలవల గోడలు కడిగిన పలకలా నున్నగా ఉంటున్నాయి. తెల్లన్న మనుషులు ఏ పలకరింపూ లేకుండా జారిపోతున్నారు. ముల్లు గుచ్చుకుంటే గోడమ్మ చేతులు చాస్తుంది. నెత్తురు ఆగిపోయి ఊపిరాడనప్పుడు మాత్రం, ఆమె ఎంత వద్దనుకున్నా ఆ చేతులు వాటంతటవే బయటికి వస్తాయి. అందుకే ఆగిన నెత్తురు తిరిగొచ్చాక మూత్రపిండం ఇంకా కందిపోతుంది. తెల్లన్న ఈనాటికీ దొంగేడీ అని అడుగుతూనే ఉన్నాడు. గోడమ్మ ఈనాటికీ అతన్ని గట్టిగా పట్టుకుని, నాకేం తెలుసయ్యా అంటూనే ఉంది.