ఏడు వాకిళ్ళ పందికొక్కు

ఎర్రవాగు అడవిలో ఏనుగులు, దుప్పులు, కోతులు ఉండేవి. వాగు గట్టున మెత్తటి నేలలో ముళ్ళపందులు, పందికొక్కులు బొరియలు తవ్వుకుని కాపురం ఉండేవి.

ఆ అడవిలో ఇల్లున్న ప్రతి జీవీ ఇంటి పన్ను కట్టాలి. వాకిలికి ఒక గంప గింజలు. ఆ గింజలు తిని కోతులు వేసవంతా ఎండుటాకులు ఊడ్చి, అడవికి నిప్పంటుకోకుండా చూసేవి. అందుకని పన్ను దండగ అని ఎవరూ అనేవారు కాదు.

పందికొక్కు బొర్రయ్యకు తన ఇల్లంటే మహా గర్వం. చెట్ల వేళ్ళు పళ్ళతో కొరికి, మట్టి గోళ్ళతో తోడి కట్టుకున్న ఇల్లు అది. లోపల కళ్ళు కనపడని నాయనమ్మ ఉంది. ఆమె గదిని ఆనుకుని నిండుగా గింజల అర ఉంది. వానలు పట్టుకుంటే బయట తిండి దొరకదు. అప్పుడు ఇద్దరికీ ఆ అరే ఆధారం.

మోదుగులు విరగబూసిన రోజుల్లో కొంగ పన్ను మదింపుకు వచ్చింది. బొరియలో దూరడం దానివల్ల కాదు. బయటే తిరిగి, కనిపించిన ప్రతి కన్నం దగ్గరా ఒక పుల్ల గుచ్చింది.

"ఏడు వాకిళ్ళు. ఏడు గంపలు కట్టాలి. లెక్క తప్పనిపిస్తే చివరి మోదుగుపువ్వు రాలేలోగా ఏనుగు పెద్దాయనకు మనవి చేసుకో. గడువు దాటితే వినరు."

బొర్రయ్య చెవిలో 'ఏడు వాకిళ్ళు' అన్న మాటే మోగుతోంది. తక్కిన మాటలు ఆ చెవిలోకి వెళ్ళనే లేదు. ఈ గట్టు మీద ఏడు వాకిళ్ళ ఇల్లు ఇంకెవరికుంది? రెండు కాళ్ళ మీద నిలబడి మీసాలు దువ్వుకున్నాడు.

పక్కింటి ముళ్ళపంది గౌరమ్మ ఇంటి ముందు కొంగ నాలుగు పుల్లలు గుచ్చింది. ఆమె ముళ్ళు నిక్కబొడిచాయి.

"కొంగన్నా, నా ఇంటికి వాకిలి ఒకటే. ఆ మూడూ పామొస్తే పారిపోవడానికి తవ్వుకున్న కన్నాలు!"

"బయట కనిపించిందే నేను లెక్కేస్తానమ్మా. లోపలి సంగతి నువ్వే చెప్పుకోవాలి," అంది కొంగ.

గౌరమ్మ ఆ రోజే వెళ్ళి ఏనుగును వెంటబెట్టుకొచ్చింది. "చూడండి పెద్దాయనా. వాకిలి ముందు నేల నా కాళ్ళు పడి నున్నబడింది. ఆ కన్నాలకు సాలెగూళ్ళు పట్టాయి. రోజూ తిరిగే దారికి సాలెగూడు పడుతుందా?"

ఏనుగు వంగి, తొండం చాచి చూసింది. మూడు పుల్లలు పీకేసింది. "లోపల ఇంకెవరున్నారు?" అని అడిగింది.

"కాలు విరిగిన కుందేలు. నేనే సాకుతున్నాను."

"సొంతంగా తిండి తెచ్చుకోలేని వాళ్ళను సాకే ఇంటికి పన్నులో సగం మినహాయింపు ఉంది. అడిగితేనే ఇస్తాం. అర గంప కట్టు."

బొర్రయ్య గట్టెక్కి నవ్వాడు. "ఏం వదినా, మూడు వాకిళ్ళు పోగొట్టుకున్నావట!"

"పోయినవి పుల్లలు మరిదీ, గింజలు కాదు. నీ కన్నాలకూ సాలెగూళ్ళున్నాయి. పైగా ఇంట్లో నాయనమ్మ ఉంది. గడువు దాటకముందే వెళ్ళి అడుగు."

"నా ఇల్లు ఒంటివాకిలి కొంపని నేనే చెప్పుకోనా? మా నాయనమ్మకు కళ్ళు లేవని అడవంతా చాటనా? అంత ఖర్మ నాకు పట్టలేదు."

అతను ఏడు గంపలూ ఒకదాని వెంట ఒకటి, అందరూ చూసేలా మోయించాడు. దుప్పులు నోరెళ్ళబెట్టి చూశాయి. బొర్రయ్య ఛాతీ ఉబ్బింది. ఇంటికొచ్చి చూసుకుంటే అరలో అడుగు కనిపిస్తోంది.

వానలు మొదలయ్యాయి. అడుగునున్న గింజలూ అయిపోయాయి. ఒక పొద్దున నాయనమ్మ అర తడిమి చూసింది.

"ఏడు వాకిళ్ళ ఇంట్లో ఒక్క గింజా లేదా నాయనా?"

బొర్రయ్య తడుస్తూ ఏనుగు దగ్గరకు పరుగెత్తాడు. "పెద్దాయనా, లెక్క తప్పు. నాకున్నది ఒక్క వాకిలే!"

"అయి ఉండవచ్చు. కానీ మోదుగుపూలు ఎప్పుడో రాలిపోయాయి. నీ గింజలు కోతులు తినేశాయి కూడా. వచ్చే ఏడాది పూలున్నప్పుడు రా. తప్పకుండా వింటాను."

మీసాలు వేలాడేసుకుని బొర్రయ్య గౌరమ్మ ఇంటికి వెళ్ళాడు. వానలో ఏ కన్నం దగ్గర పిలవాలో తెలియక అటూ ఇటూ తచ్చాడాడు.

లోపల్నుంచి గౌరమ్మ కేకేసింది. "ఇటు రా మరిదీ! ఈ ఇంటికి వాకిలి ఒకటే. గింజలు తీసి ఉంచాను, ముందు నాయనమ్మకు పెట్టు."

నీతి: గొప్ప కోసం తప్పు లెక్కకు తలూపకూడదు, న్యాయమైన పన్ను కట్టాలి, తప్పుంటే గడువులోగా అడగాలి.