గాలి వంతు

ఉదయం పదీ ఇరవైకి నిరంజన్ హెల్మెట్ అద్దం తుడుచుకుంటున్నాడు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, కార్ల రేసు జట్టు నడిపే కోదండపాణి మాస్టారు బత్తాయి ఒలుస్తున్నారు. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"ఒకే జట్టువాడు తోడా, పోటీయా మాస్టారూ?" అన్నాడు నిరంజన్.

అడగడానికి కారణం ఉంది. ఛాంపియన్‌షిప్ ఆఖరి రేసుకు అతనూ, జట్టులో రెండో కారు నడిపే జయపాలూ సమానమైన పాయింట్లతో వచ్చారు. వచ్చే ఏడు జట్టుకు మిగిలేది ఒకటే కారు. గెలిచినవాడికి కారు, ఓడినవాడికి ఇంటిదారి.

మర్నాటి రేసులో ఎవరు ఏ వరుసలోంచి బయల్దేరాలో తేల్చే అర్హత పరుగు ఇంకాసేపట్లో మొదలవుతుంది. ముందు వెళ్ళే కారు గాలిని చీలుస్తుంది. దాని చాటున వెళ్ళేవాడికి వేగం కలిసొస్తుంది. అందుకే మాస్టారు వంతు పెట్టారు. ఒకసారి ఒకడు ముందుండి గాలికి అడ్డు కాస్తే, మరోసారి రెండోవాడు కాయాలి. పోయిన రేసులో నిరంజన్ కాశాడు. ఇవాళ జయపాల్ వంతు.

"వాడు వంతు నిలబెట్టుకుంటాడంటారా?"

"వాడి చోట నువ్వుంటే?"

"ఇవాళా? నేనైతే వెళ్ళను. కప్పు వాడి చేతిలో పెట్టి దండం పెట్టినట్టే గదా."

మాస్టారు ఒక తొన అతని చేతిలో పెట్టారు. "తిను. కాస్త పుల్లగా ఉంది."

టైర్లు అరగకూడదని ఇద్దరూ చివరి నిమిషాలదాకా ఆగారు. జయపాల్ తన కారెక్కుతూ, "ఏరా పెళ్ళికొడకా, పల్లకీ తెప్పించమంటావా?" అని నవ్వి బయల్దేరాడు. నిరంజన్ వెనక కదిలాడు. మలుపు దాటగానే జయపాల్ వేగం తగ్గించాడు. నన్ను ముందుకు తోయాలని చూస్తున్నాడు, అనుకుని నిరంజన్ ఇంకా తగ్గించాడు. జయపాల్ చెయ్యెత్తి ఊపాడు. పొమ్మంటున్నాడు, ఎంత తెలివి, అనుకుని నిరంజన్ పూర్తిగా వెనకబడ్డాడు. ఇద్దరూ ఎడ్లబండ్లలా నడుస్తుండగానే, పరుగు లెక్క మొదలయ్యే గీత దాటకముందే, గడువు ముగిసిన జెండా పడింది. ఇద్దరికీ లెక్కలోకి వచ్చే పరుగు ఒక్కటీ లేదు.

మర్నాడు ఆఖరి వరుసలోంచి బయల్దేరారు. పాయింట్లలో వాళ్ళ వెనకే ఉన్న వేరే జట్టువాడికి కప్పు పోయింది. ఆ ఒక్క కారుకూ మాస్టారు కొత్తవాణ్ణి వెతుక్కోవలసి వచ్చింది.

కొన్నాళ్ళకు నిరంజన్ తన రేసు బట్టలు అప్పగించడానికి షెడ్డుకు వెళ్ళాడు. జయపాల్ అప్పటికే భీమవరంలో మేనమామ చేపల లారీ నడుపుతున్నాడు.

"చూశారుగా మాస్టారూ, చెయ్యూపి మరీ నన్ను ముందుకు పొమ్మన్నాడు."

"రమ్మన్నాడు," అన్నారు మాస్టారు. "ఆ పొద్దున్నే నా దగ్గరికొచ్చాడు. వంతు నాది, నేనే ముందు వెళ్తాను, వాడు వచ్చి నా వెనక చేరేదాకా నెమ్మదిగా పోతాను, అన్నాడు."

నిరంజన్ చేతిలోని బట్టలు బల్లమీద పెట్టలేదు. "మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చి నీ పక్కన కూర్చున్నాను," అన్నారు మాస్టారు. "అంతలో, వాడి చోట ఉంటే నేనైతే ముందు వెళ్ళను, అన్నావు."