రీడర్ ఆగినంతసేపు

గంగాధరయ్య కోపం వచ్చే దశ కూడా దాటిపోయాడు. ఒట్టి అలసట మిగిలింది.

అది కరువు ఏడాది. మఠం గోశాలకు రోజూ ఎవరో ఒకరు పశువును తోలుకొచ్చి వదిలిపోతున్నారు. వాటిని చేర్చుకునే పని గంగాధరయ్యది. చేర్చుకున్న ప్రతి పశువుకూ చెవికి ఒక పోగు వేస్తారు. ఆర్‌ఎఫ్‌ఐడీ పోగు అంటారు దాన్ని. మేతకు పోయేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ పశువులు ఇరుకు గేటులోంచి ఒక్కొక్కటే నడవాలి. గేటు పక్కన రీడర్ ఉంటుంది. అది ముట్టుకోకుండానే పోగును పలకరిస్తుంది, పోగు తన నంబరు చెబుతుంది, రీడర్ కుయ్‌మంటుంది. ఏది ఇల్లు చేరింది, ఏది కొండలో చిక్కుకుంది అలా తెలుస్తుంది.

కొద్ది రోజులుగా రీడర్ సరిగా కూయడం లేదు. అది కూయకుండా వదిలేసిన పశువునల్లా వెనక్కి మళ్లించి మళ్లీ నడిపించాలి. ఎండలో వాటితో పాటు గంగాధరయ్యా నడుస్తున్నాడు.

అది చాలదన్నట్టు ఈరన్న ఒకడు. నిన్న పొద్దున ముసలి ఎద్దుతో వచ్చి గేటు బయట వేపమొద్దు మీద కూర్చున్నాడు. ఈ మఠంలో ఒక కట్టుబాటు ఉంది. పశువును తెచ్చిన మనిషి ‘విడిచిపెట్టినా’ అని తన నోటితో చెప్పాలి. చెప్పేదాకా పలుపు అందుకోరు. బయట ఉన్న పశువుకు నీళ్లే తప్ప మేత వేయరు, ఉన్న గడ్డి లోపలివాటికే చాలడం లేదు. ఈరన్న ఆ మాట చెప్పడు, లేచి పోనూ పోడు. ఎద్దు డొక్కలు ఎండిపోయాయి. ఇంకో రోజు గడిస్తే అది నిలబడేలా లేదు.

గంగాధరయ్య గురువు కరిబసవస్వామి దగ్గరికి పోయి కూలబడ్డాడు.

“నన్ను పంపించేయండి అయ్యగారూ. మిషనూ పలకదు, మనిషీ పలకడు. ఇక నావల్ల కాదు.”

స్వామి విస్తరి కుడుతున్నారు. చేయి ఆపలేదు.

“ముందు మిషను సంగతి చెప్పు. ఆ పోగులో బ్యాటరీ ఉంటుందా?”

“ఉండదు. దానికి సొంత బలం లేదు. రీడరే కాస్త బలం పంపుతుంది. పోగు దాన్ని దాచుకుంటుంది.”

“తర్వాత?”

“రీడర్ ఆగుతుంది. అది ఆగినప్పుడే పోగు మాట్లాడుతుంది. రీడర్ అరుస్తూ ఉంటే పోగు గొంతు వినపడదు.”

“ఎంతసేపు ఆగుతుంది?”

“రెప్పపాటు కూడా కాదు. ఎంతసేపు పిలవాలి, ఎంతసేపు ఆగాలి అన్నది మనమే కమాండు ఇచ్చి పెట్టుకోవచ్చు. మంద పెరిగింది కదా అని నేనే మార్చాను. ఆగేది తగ్గించి పిలుపు పెంచాను.”

“రెప్పపాటు కూడా లేనిదాంట్లో తగ్గించావా? మొనగాడివే.”

గంగాధరయ్యకు నవ్వు రాలేదు. తాను ఏం చెప్పాడో తనకే పట్టనంత అలసిపోయి ఉన్నాడు.

“ఈరన్ననేం అడిగావు?” అన్నారు స్వామి.

“అన్నీ అడిగాను. ఏ ఊరు, ఎందుకు తెచ్చావు, ఇస్తావా ఇవ్వవా, ఇవ్వనివాడివి ఎందుకు కూర్చున్నావు. పోయినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.”

స్వామి విస్తరి పక్కన పెట్టి లేచారు. వంటింట్లోంచి చెంబుడు అంబలి తెచ్చి ఈరన్న చేతికిచ్చారు. అతని పక్కన నేల మీదే కూర్చున్నారు.

“ఎద్దు పేరేందప్పా?” అని అడిగారు.

ఈరన్న అంబలి తాగాడు. జవాబు చెప్పలేదు. స్వామి కూడా మాట్లాడలేదు. గంగాధరయ్య నోరు తెరవబోతే చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

గేటు దగ్గర మంద నిలిచిపోయి ఉంది. గంగాధరయ్య లోలోపల ఉడికిపోయాడు. స్వామి పట్టిన చేయి వదల్లేదు. నీడ కాళ్ల మీది నుంచి జరిగిపోయింది. చివరికి ఆ ఉడుకు కూడా అలసిపోయి చల్లబడింది.

“మల్లడు సామీ,” అన్నాడు ఈరన్న.

ఎవరూ కదలలేదు.

“దీనికి ఎడమ చెవి వినపడదు. ఆ పక్కనుంచి పిలిస్తే రాదు. మొండిది అనుకోని కొడతారేమో అని…” ఎద్దు మెడ నిమిరాడు. “కుడిపక్క నుంచి పిలవాల సామీ. మెల్లగా పిల్చినా వస్తాది. దున్నేటప్పుడు నేనెప్పుడూ కుడిపక్కే నడుస్తాంటి.”

గంగాధరయ్య తల దించుకున్నాడు. నిన్నటి నుంచి ఈ మనిషి మీద ఎన్నిసార్లు విసుక్కున్నాడో గుర్తొచ్చి సిగ్గేసింది.

“కుడిపక్క నుంచే పిలుస్తాలే అన్నా,” అన్నాడు.

“అట్లయితే విడిచిపెట్టినా.”

పలుపు గంగాధరయ్య చేతిలో పెట్టాడు. చెంబు కడిగి బోర్లించి, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

గంగాధరయ్య గేటు దగ్గరికి పోయి రీడర్‌కు కమాండు మార్చాడు. తగ్గించిన ఆగుడును తిరిగి పెట్టాడు. మల్లడికి కడుపు నిండా గడ్డి వేశాడు. పోగు ఎడమ చెవికి వేశాడు. తర్వాత గేటు అవతల కుడిపక్కగా నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. ఎద్దు తలెత్తి నడుచుకుంటూ వచ్చింది. రీడర్ కుయ్‌మంది. వెనకాల మంద కూడా ఒక్కొక్కటిగా రీడర్‌ను కూయిస్తూ లోపలికొచ్చింది.

సాయంత్రం స్వామి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. స్వామి మళ్లీ విస్తళ్లు కుడుతున్నారు. అతణ్ణి చూసి కుట్టేది పక్కన పెట్టేశారు.

“పోతానన్నావు కదా. నీకేమైంది నాయనా?”

ఏమీ లేదని చెప్పబోయాడు గంగాధరయ్య. పక్కన పెట్టిన విస్తరిని చూసి ఆ మాట మానుకున్నాడు.

స్వామి ఇంకేమీ అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగారు.