పై తరగతి ఆట

ఒకానొక రాజ్యంలో కొలువు చాలించిన ముసలివాళ్ళ కోసం రాజుగారు ఒక పేట కట్టించి, కర్రతో బంతిని గుంటలో వేసే ఆటకు మైదానం కూడా ఇచ్చాడు. బతుకంతా నలుగురితో అడుగు కలిపి పల్లకీ మోసిన సింహాద్రి ఇప్పుడక్కడ ఒక్కడే ఆడుకునేవాడు.

పేట అధికారి మంగరాజు వచ్చి, "ఇష్టమైతేనే సుమా, రుసుము కట్టి పై తరగతి సభ్యత్వం తీసుకో. అది వేరే మైదానం. నీకిచ్చిన వేళలో ఇంకో మనిషి అడుగుపెట్టడు. నాతో సహా అందరం తీసుకున్నాం" అన్నాడు గొప్పగా.

"అందరూ అటు వెళ్ళాకే కదా దొరా, ఈ మైదానమంతా నా ఒక్కడిదైంది. తమరు అమ్మేది నాకు ఊరికే దొరికింది. ఎవరికైనా ఇచ్చేద్దామంటే పుచ్చుకునేవాళ్ళే లేరు" అన్నాడు సింహాద్రి. "బంతికి మంచి దెబ్బ పడినప్పుడు తమరు ఎవరివైపు చూస్తారు?"

మంగరాజు తన మైదానానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పాత మైదానానికి వచ్చి, తన కర్ర పక్కన పెట్టి, "ముందు నువ్వు కొట్టు. నేను చూస్తాను" అన్నాడు.