చెవిగొట్టం పలికిన మాట

విరూపసేన మహారాజుకు పడకగదిలో పడుకుని, అక్కణ్ణించే కొలువులో వాయించే వీణ వినాలని కోరిక. మాణిక్యదత్తుడనే వర్తకుడు చెవిలో ఇమిడే రెండు వెదురు గొట్టాలకు పలుచని తోలు బిగించి, మధ్య పట్టుదారం కట్టి ఇచ్చాడు. నాదం అద్భుతంగా వినిపించింది. కానీ మర్నాటికే దారం తెగింది.

కొత్త దారం కడుతూ వర్తకుడు, "ఇది ఏనుగు లాగినా తెగదు ప్రభూ! గది ఊడ్చే గవరమ్మే కోసి ఉంటుంది," అన్నాడు.

గవరమ్మ అక్కడే ఊడుస్తోంది. రాజు ఆ మాట నమ్మితే కొరడాదెబ్బలు తప్పవు. అయినా ధైర్యం తెచ్చుకుని, "అయితే ఆయన గుర్రాన్ని ఆ దారంతోనే కట్టి చూపించమనండి మహాప్రభో," అంది.

రాజు సరేనన్నాడు. వర్తకుడు అదే దారం ఇంకో ముక్క తీసుకుని, గుర్రాన్ని తెస్తానని తన నౌకరు గురవడితో వసారాలోకి వెళ్లాడు. గవరమ్మ ఒక గొట్టం రాజుగారి చేతికిచ్చి, "చెవిలో పెట్టుకోండి," అని, రెండోదాన్ని దారం బిగిసేలా లాగి వసారా తెర వెనక పట్టుకుని నిలబడింది.

వసారాలో వర్తకుడు గుసగుసలాడుతున్నాడు: "ఒరే గురవా, దారం లోపల ఇనుపతీగ పెట్టి ముడెయ్యి. ఉత్త దారమైతే గుర్రం తల విదిలిస్తే చాలు, పుటుక్కున తెగుతుంది."

అతను తిరిగి రాగానే రాజు నవ్వాడు.

"గుర్రం అక్కర్లేదులే దత్తుడూ. గవరమ్మ తప్పేమీ లేదని నీ గొట్టమే చెప్పింది. ఎంత బాగా పలుకుతుందనుకున్నావు! నువ్వు గురవడితో అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా పోలేదు."